తేనెరంగు బీరులో సున్నపు తేట

చదువులో నా రికార్డు ఇది: ఆరో తరగతి రెండుసార్లు కూర్చున్నాను, రెండోసారి సగంలోనే లేచాను. లేచి వచ్చేసే రోజున మా లెక్కల సారు, "ఒరే, నీ తలకాయల ఏదీ నిల్వదురా. నోట్లె మాత్రం ఏదైనా నిలుస్తది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే అప్పుడు నా నోట్లో ఆ సారు సంచీలోంచి కొట్టేసిన బెల్లం ముక్క ఉంది. నా జాతకం చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, సరిగ్గా చెప్పింది ఆయనొక్కడే. ఆ నోటితోనే నేను దుబాయ్‌లో పదిహేడేళ్లు ఉద్యోగం చేశాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మా మేనల్లుడు నన్ను హైదరాబాద్‌లో ఒక చోటికి తీసుకెళ్లాడు. బీరు అక్కడే తయారుచేసి అక్కడే పోస్తారట. చెక్క పలక మీద చిన్న చిన్న గ్లాసులు ఆరు తెచ్చి పెట్టారు. అందులో తేనెరంగుది చూపించి, "మామా, దీన్ని అంబర్ అంటరు. క్రాఫ్ట్ బీరు. కొత్త రకం, నీకు తెల్వదు, మెల్లగ తాగు" అన్నాడు. నేను గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. వాసన చూశాను. ఒక గుక్క నోట్లో తిప్పి, చేతిరుమాలులో ఊసేశాను. పక్క టేబుల్ వాళ్లు చూస్తున్నారని మేనల్లుడు సిగ్గుతో చచ్చిపోయాడు. "సరుకు మంచిదేరా. కానీ వీళ్లు పైపు కడిగి వారం దాటింది" అన్నాను. వాడు నమ్మలేదు. వాడి కోసం, వాడి ఈడు పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

మాది గీత కార్మికుల ఇల్లు. పొద్దున్నే మా బాపు చెట్టు దిగి లొట్టిని, అంటే కల్లు కుండను, నేల మీద పెట్టగానే నేను వాసన చూసి అది ఏ చెట్టు కల్లో చెప్పేవాణ్ని. ఎనభైల మొదట్లో మా ఊరి వాళ్లంతా సిమెంటు పనికి దుబాయ్ పోతుంటే, నాకు హోటల్‌లో గిన్నెలు కడిగే వీసా దొరికింది. ఎండలో పని కాదు కాబట్టి నన్ను చూసి అందరూ కుళ్లుకున్నారు. వాళ్లకేం తెలుసు, రోజుకు వెయ్యి గ్లాసులు కడిగితే చేతివేళ్లు ఉడకబెట్టిన పల్లికాయల్లా అవుతాయని!

ఆ హోటల్‌లో ఇంగ్లీషు వాళ్ల కోసం ఒక బార్ ఉండేది. దాని కింద నేలమాళిగలో బీరు పీపాల గది. ఆ గదికి పెద్ద ఒక గోవా ఆయన. యాభై దాటిన మనిషి, తెల్లకోటు మీద మరక పడనిచ్చేవాడు కాదు. ఆయన్ను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన మాట్లాడేది బొంబాయి హిందీ. ఆయన మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను, తిట్లు వదిలేస్తున్నాను. ఒకరోజు కడగడానికి వచ్చిన గ్లాసు వాసన చూసి, "ఈ బీరు రెండు రోజుల కిందటిది" అని పక్కవాడితో అన్నాను. ఆ మాట ఉస్తాద్ చెవిన పడింది. నిజమే, ఆ పీపా పాతదే. "అరే, గిన్నెల దగ్గర నీ ముక్కు వేస్ట్ అయిపోతోంది" అని నన్ను కిందికి తీసుకుపోయాడు.

మొదటి రోజు ఒక గ్లాసు ఇచ్చి రుచి చూడమన్నాడు. నేను గటగటా తాగేశాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "మింగితే తాగుడు, ఉమ్మితే ఉద్యోగం. నీకేది కావాలో ఇప్పుడే చెప్పు" అన్నాడు. ఉద్యోగమే కావాలన్నాను. అప్పటినుంచి పీపా ఎలా ఎక్కించాలో, గ్యాసు ఎంత వదలాలో, పైపులు వారానికోసారి శుభ్రం చేసే మందు పెట్టి ఎలా కడగాలో చేయి పట్టి నేర్పాడు. పొద్దున్నే ప్రతి నల్లా నుంచి మొదటి జగ్గు వంచి పారబోయడం ఆయన నియమం. ఇంకో నియమం కూడా ఉండేది: కొత్తగా ఏం చేయాలన్నా ముందు తనకు చెప్పాలి. ఈ రెండో నియమం దగ్గరే నా కథ మొదలవుతుంది.

ఆ ఏడు హోటల్‌కి కొత్త మేనేజర్ వచ్చాడు. ఇంగ్లీషు మనిషి, వయసు తక్కువ, చప్పుడు ఎక్కువ. ఉస్తాద్ స్థానంలో తన పాత హోటల్ మనిషిని తెచ్చుకోవాలని ఆయన కోరిక. దానికి ఒక సాకు కావాలి. ఆ నెలలోనే ఉస్తాద్ వీసా కొత్తగా వేయాల్సి ఉంది. మేనేజర్ సంతకం పెట్టకపోతే ఖలాస్, పెట్టె సర్దుకోవడమే. ఉస్తాద్ ఈ సంగతి బయటికి చెప్పేవాడు కాదు. కానీ ఆ నెలంతా పీపాలు లెక్కపెట్టేటప్పుడు ఒకటికి రెండుసార్లు లెక్క తప్పేవాడు.

సరిగ్గా అప్పుడే ఇంగ్లండు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. బీరు కాచే చిన్న భట్టీ ఆయనది. తన చేత్తో తయారుచేసిన తేనెరంగు బీరు రెండు పీపాలు వెంట తెచ్చుకున్నాడు. మా బార్‌లో అంతవరకు పసుపుపచ్చగా, పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండే రకాలే పోసేవాళ్లం. ఇంటి బీరు కోసం మొహం వాచి ఉన్న ఇంగ్లీషు ఇంజనీర్లకు ఇది నచ్చితే హోటల్ ఏడాది పొడుగునా తెప్పిస్తుంది. శనివారం పొద్దున పదకొండింటికి రుచి చూసే కార్యక్రమం పెట్టారు. కొత్త పీపా అందరూ వచ్చి కూర్చున్నాకే తెరవాలి, అంతవరకు ఎవరూ చుక్క కూడా తీయకూడదని మేనేజర్ ఆర్డరు. అంటే మొదటి జగ్గు పారబోసే మా నియమం ఆ రోజుకి రద్దు.

ఒకరోజు ముందు శుక్రవారం. అక్కడ సెలవు శుక్రవారమే, చర్చి కూడా ఆ రోజే. ఉస్తాద్ చర్చికి పోతూ మా గది దగ్గర ఆగి నాకు పని చెప్పాడు. "పైపు కడిగే మందు అయిపోయింది, కొత్త డబ్బాలు ఇంకా పోర్టులోనే ఉన్నాయి. వేడినీళ్లు నాలుగుసార్లు వదులు. బస్. ఇంకేం చేయకు."

ఇంకేం చేయకు అన్న మాట వినగానే ఏదో ఒకటి చేయాలనిపించే పుటక నాది. కరామా అనే పేటలో మా గదిలో గోదావరి జిల్లా ఆయన ఒకడుండేవాడు. మా హోటల్‌లోనే స్టాఫ్ మెస్‌లో వంటమనిషి. అన్నం తప్పినా తమలపాకు తప్పేది కాదు. డ్యూటీకి బయల్దేరే ముందు ఆయన దగ్గరికి పోయాను.

"అన్నా, నీ సున్నం డబ్బీ ఒకసారి ఇయ్యరాదే."

"నువ్వు ఆకు వెయ్యవు కదరా. నీకెందుకూ?"

"నాకు గాదు, బీరు పైపుకు."

ఆయన నమలడం ఆపేశాడు. "బీరు గొట్టానికి సున్నమేంట్రా బాబూ? ఉండు, వక్కా ఆకూ కూడా ఇస్తాను. దొరగారికి తాంబూలం కట్టి ఇచ్చేద్దువు గాని."

"నవ్వకే. మా బాపు లొట్టికి లోపల సున్నం రాస్తడు. సున్నం రాసిన లొట్టిల కల్లు పొద్దెక్కినా పులవది. పైపు గూడ గట్లనే."

"మీ ఉస్తాదుకి చెప్పావా మరి?"

"రేపు బీరు తాగినంక చెప్త. మెచ్చుకుంటడు."

"మెచ్చుకుంటాడో, మెడ పట్టుకుంటాడో! డబ్బీ మాత్రం తిరిగి తేవాలి. ఊరినుంచి తెచ్చుకున్నదది."

వేడినీళ్లు నాలుగుసార్లు వదిలాను, చెప్పినట్టే. ఆ తర్వాత సున్నం నీళ్లలో కలిపి, తేటతో పాటు కాస్త చిక్కటిది కూడా పైపులోకి ఎక్కించాను. మళ్లీ కడగలేదు. లొట్టికి రాసిన సున్నం ఎవరైనా కడుగుతారా? పైగా ఇంత తెలివి ఈ హోటల్‌లో ఇంకెవరికి ఉందని ఈల వేసుకుంటూ గదికి పోయాను.

శనివారం పదకొండింటికి బార్‌లో ఎనిమిది మంది. మేనేజర్, ముసలాయన, ఆరుగురు పెద్ద గెస్టులు. ఉస్తాద్ కొత్తగా ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకున్నాడు. నేను కింద పీపా తెరిచి, గ్యాసు వదిలి, పైకి వచ్చి తలుపు పక్కన నిలబడ్డాను. మెచ్చుకోవడానికి ఉస్తాద్ వెతుక్కోకుండా దగ్గర్లో ఉండాలి కదా!

ఉస్తాద్ నల్లా తిప్పాడు. నురగ లేచింది. పాలపొంగు మీద నీళ్లు చల్లినట్టు అంతలోనే కూలిపోయింది. తేనెలా మెరవాల్సింది, మిగిలిపోయిన టీ డికాషన్‌లా మబ్బుగా ఉంది. ముసలాయన ఒక గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఎవరి మొహమూ చూడలేదు. గ్లాసునే చూస్తూ, "ఇది నా బీరు కాదు" అన్నాడు, చాలా మెల్లగా. వాళ్ల ఇంగ్లీషు మాటలన్నీ ఉస్తాద్ తర్వాత నాకు విప్పి చెప్పాడు.

మేనేజర్ మొహం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది. పైపుల్లో మురికి అన్నాడు. ఇన్నాళ్లూ గెస్టులకు ఈ మురికే తాగించావా అన్నాడు. సోమవారం వచ్చి లెటర్ తీసుకో, వీసా క్యాన్సిల్ అన్నాడు. ఇంగ్లీషు రాని నాకు కూడా 'క్యాన్సిల్' తెలుసు. గల్ఫ్‌లో ఆ మాట తెలియని మనిషి ఉండడు.

"సర్, నా పైపులు శుభ్రంగా ఉంటాయి" అన్నాడు ఉస్తాద్. ఒక గ్లాసు ఎత్తి తాగాడు. మళ్లీ తాగాడు. ఏం తేడానో ఆయనకు అంతుపట్టలేదు. అన్ని బీర్ల రోగాలూ తెలిసిన మనిషికి ఈ రోగం ఎన్నడూ తగల్లేదు. గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టి, తిప్పి తిప్పి చూశాడు.

బల్ల అంచున ఉన్న గ్లాసొకటి తీసి నేనూ నాలుక మీద వేసుకున్నాను. అంచుల్లో గరుకు, వెనకాల చప్పదనం. నడక రాకముందే నాకు తెలిసిన రుచి అది. మా బాపు లొట్టి అడుగు రుచి.

అప్పుడు నేను ఒక నిమిషం ఊరుకున్నాను. ఎవరూ నన్ను చూడలేదు. సున్నం సంగతి తెలిసినవాడు స్టాఫ్ మెస్‌లో ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. నోరు మూసుకుని నిలబడితే నా ఉద్యోగం నాకుంటుంది. ఆ నిమిషం గురించి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇది చదివేవాళ్లకే చెబుతున్నాను, ఎందుకంటే మీకూ ఎప్పుడో ఒకప్పుడు అలాంటి నిమిషం వస్తుంది. అది చాలా పొడుగ్గా ఉంటుంది.

ఉస్తాద్ దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. "ఉస్తాద్, తప్పు నాది. పైపులో నేను సున్నం వదిలాను. సాబ్‌కి చెప్పు."

ఆయన నా వైపు తిరగనైనా తిరగలేదు. "చుప్. నీ వీసా కూడా పోతుంది. మూల నిలబడు."

చెప్పేవాడు చెప్పనంటే ఇక నా ఇంగ్లీషే దిక్కు. అది మొత్తం పన్నెండు మాటలు. అందులోంచి పనికొచ్చేవి ఏరుకుని గట్టిగా అన్నాను. "సార్! హిమ్ నో. మీ! మీ చూనా!"

అందరూ నన్ను చూశారు. చూనా అంటే ఏమిటని ముసలాయన అడిగాడు. నేను జేబులోంచి డబ్బీ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన మూత తీసి, వేలికొసతో తీసుకుని, నేను వద్దు వద్దనే లోపలే నాలుకకు రాసుకున్నాడు. పాపం, ఆకు లేకుండా సున్నం తిన్న మొదటి దొర ఆయనేనేమో! కళ్లలో నీళ్లు, మొహం టమాటా. ఒక జగ్గు మంచినీళ్లు ఖాళీ చేశాక మబ్బు బీరు ఇంకో చుక్క తాగి, "యస్" అన్నాడు. ఆయనకు అర్థమైంది.

మేనేజర్‌కి అర్థం కాలేదు, కావాలని కూడా లేదు. "వీడు తన బాస్‌ని కాపాడటానికి కథలు చెబుతున్నాడు. గిన్నెలు కడిగేవాడికి రుచి ఏం తెలుసు?" అన్నాడట. ముసలాయన, "అదే చూద్దాం" అన్నాడు.

ఒక నాప్‌కిన్ తెచ్చి నా కళ్లకు కట్టారు. ముసలాయన తనే కిందికి పోయి వచ్చాడు. బల్ల మీద మూడు కప్పులు పెట్టిన చప్పుడు వినిపించింది. ఉస్తాద్ నా వెనకాల నిలబడ్డాడు, నేను చెప్పింది ఇంగ్లీషులో చెప్పడానికి. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది. సరిగ్గా చెప్పకపోతే నేను అబద్ధాలకోరును, ఆయన మురికివాడు. ఇద్దరం ఒకే విమానంలో ఇంటికి.

మొదటి కప్పు నాలుకకు తగలగానే ఊసేశాను. "గిది సున్నం." ఇందాక పోసినదే అది.

రెండోది నోట్లో పెట్టుకుని ఆగాను. మరీ చల్లగా ఉంది, నాలుక మొద్దుబారిపోతోంది. కప్పును రెండు చేతుల మధ్య పట్టుకున్నాను. మా ఇంట్లో చల్లటి కల్లు అనే మాటే లేదు. చెట్టు దిగిన వేడిమీదే రుచి చూస్తారు. గెస్టులు ఎవరో నవ్వారు. నేను కదల్లేదు. కాసేపటికి అది నోరు విప్పింది. మొదట కాల్చిన మక్కకంకి వాసన. తర్వాత ముదురు బెల్లం పాకం. మింగబోయే చోట మెల్లగా నారింజ తొక్క చేదు. ఒకదాని వెనక ఒకటి తోసుకోకుండా వచ్చాయి. "ఇది అసలు బీరు. పైపు తగల్లేదు, పీపా నుంచే తీసిండ్రు. చేసినాయన చెయ్యి మంచిది" అన్నాను. ఉస్తాద్ చెప్పాడు.

మూడోది కూడా అలాగే ఉంది. అదే కంకి, అదే పాకం. కానీ చివర ఏదో అడ్డం పడుతోంది. మళ్లీ చూశాను. మా దగ్గర నీడలో పెట్టిన లొట్టికీ, ఎండలో మరిచిపోయిన లొట్టికీ ఉండే తేడా. తడిసి ఎండిన అట్టపెట్టె వాసన. "ఇది గూడ అదే బీరు, కానీ ఇంకో పీపా" అన్నాను. "గీ పీపా ఎండ చూసింది."

ఉస్తాద్ వెంటనే అనువాదం చేయలేదు. "పక్కానా?" అన్నాడు. "ఎండ చూసింది ఉస్తాద్. చెప్పు" అన్నాను. ఆయన చెప్పాడు.

నాప్‌కిన్ విప్పేసరికి ముసలాయన రెండు కప్పులూ తన అరచేతుల్లో పెట్టుకుని, అచ్చం నాలాగే, ఒకటి మార్చి ఒకటి చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మేనేజర్ వైపు తిరిగి, రెండో పీపా నిన్న ఎక్కడుంది అని అడిగాడు.

రెండో పీపా ఎక్కడుందో అందరికీ తెలుసు. గెస్టులతో ఫోటోలు దిగడానికి మేనేజరే దాన్ని హోటల్ ముందు మెట్ల మీద పెట్టించాడు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యేవరకు అది అక్కడే ఉంది. దుబాయ్‌లో, మే నెలలో. మేనేజర్ చెవులు ఎర్రబడ్డాయి. తెల్లవాడు కాబట్టి దాచుకోలేకపోయాడు.

పైపు మార్చి, మొదటి పీపా నుంచి మళ్లీ పోశారు. ఈసారి ఉస్తాద్ మొదటి జగ్గు పారబోశాడు, ఎవరూ వద్దనలేదు. గ్లాసులో తేనె నిలబడింది, దాని మీద వేలెడు నురగ. గెస్టులు రెండోసారి అడిగి పోయించుకున్నారు. పోతూ పోతూ ముసలాయన నాకు చేయి ఇచ్చి, ఉస్తాద్‌తో ఒక మాట అన్నాడు. "వీణ్ని సున్నం దగ్గరికి రానివ్వకండి. గ్లాసు దగ్గర్నుంచి పోనివ్వకండి."

సోమవారం ఉస్తాద్‌కి లెటరూ రాలేదు, ఏమీ రాలేదు. వీసా కాగితం మీద సంతకం మాత్రం వచ్చింది. లెటర్ వచ్చింది నాకు. వార్నింగ్ లెటర్, హోటల్ బొమ్మ ఉన్న మందపాటి కాగితం మీద. నాకు ఇంగ్లీషు చదవరాదు కాబట్టి ఉస్తాద్ చదివి వినిపించాడు. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఇప్పటికీ దాచుకున్నాను. మరి నాకు జీవితంలో వచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే!

ఉస్తాద్ నన్ను తిట్టలేదు. పైపు కడగమన్నాడు. కడిగాను. "ఫిర్ సే" అన్నాడు. మళ్లీ కడిగాను. ఆ రోజు ఎన్ని "ఫిర్ సే"లు విన్నానో నా ఆరో తరగతి లెక్కలకు అందదు. గదికి వచ్చాక గోదావరాయన డబ్బీ తెరిచి చూసి, "ఏరా, దొరగారు సగం తినేశారంట కదా! ఆకు కూడా పట్టుకెళ్లమన్నానా, విన్నావు కాదు" అన్నాడు.

ఆ తర్వాత ఆ తేనెరంగు బీరు ఏళ్ల తరబడి మా బార్‌లోకి వచ్చింది. ఒక్క పీపా కూడా నా నాలుక దాటకుండా పైకి పోలేదు. మేనేజర్లు మారారు, బార్ కుర్చీలు మారాయి, ఈ పద్ధతి మారలేదు. ఒకసారి వచ్చిన సరుకు మొత్తం తిప్పి పంపమన్నాను. అందరూ భయపడ్డారు. ముసలాయన జవాబు రాశాడు: చూనా మనిషి చెప్పింది నిజమే, ఆ విడత నీళ్లలో తేడా వచ్చింది, కొత్తది పంపుతున్నాను అని. ఆ రోజు నేను నేల మీద నడవలేదు. ఆరో తరగతి సగంలో లేచినవాడి మాట మీద ఒక భట్టీ మొత్తం తన బీరు వెనక్కి తీసుకుంది. మా బాపు చెట్టు మీద నుంచి ఊరు చూస్తే ఎలా ఉండేదో నాకు ఆ రోజు తెలిసింది. లొట్టికి ఏది పనికొస్తుందో చిన్నప్పుడే తెలిసింది నాకు. పైపు లొట్టి కాదని తెలుసుకోవడానికే ఆలస్యమైంది.

ఉస్తాద్ రిటైరై గోవా వెళ్లిపోయే రోజున స్టాఫ్ మెస్‌లో అందరం కూర్చున్నాం. గోదావరాయన బిర్యానీ వండాడు. నన్ను మాట్లాడమన్నారు. నన్ను మాట్లాడమంటే ఆగుతానా? ఉస్తాద్ గురించి రెండు మంచి మాటలు చెప్పి, నా గురించి ఇరవై చెప్పుకున్నాను. కళ్లకు గంతలు, మూడు కప్పులు, ఎండ చూసిన పీపా, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాను. చివర్లో ఛాతీ విరుచుకుని, "ఆరోజు నా నాలుకే లేకపోతే మునిగిపోయేవాడు మన ఉస్తాద్" అన్నాను. చప్పట్లు మోగాయి.

ఉస్తాద్ లేచి నిలబడ్డాడు. తెల్లకోటు మీద ఆరోజు కూడా మరక లేదు. నా భుజం మీద చేయి వేశాడు. "అరే, ముంచింది నీ చేయి. తేల్చింది నీ నాలుక. రెండూ నీవే కదరా. మధ్యలో తడిసింది మాత్రం నేనెందుకు?"